సీసా మీది గీత

పిచ్చుకకి ఆ పేరు పెట్టింది మొగుడే. కాపురానికి వచ్చిన కొత్తలో పక్కవాటాలో గిన్నె జారినా ఉలిక్కిపడి లేచి నిలబడేది. "మనిషివా, పిచ్చుకవా?" అని అతను నవ్వాడు. నవ్వు ఆ పూటతో పోయింది, పేరు మాత్రం అతుక్కుపోయింది. బిడ్డ పుట్టాక ఆ ఉలికిపాటు రెట్టింపయింది. పిల్ల తుమ్మితే జలుబేమోనని భయం. తుమ్మకపోతే ఊపిరాడటం లేదేమోనని భయం.

దర్జీ షాపు నుంచి వచ్చే చొక్కాలకి గుండీలు కుట్టడం ఆమె పని. ఒళ్ళో చొక్కా, పంటికింద దారం, కళ్ళు మాత్రం ఎప్పుడూ పిల్ల మీద. ఎక్కడి గుండీ అక్కడే కుట్టేది గాని, ఎలా కుట్టిందో అడిగితే చెప్పలేకపోయేది. చేతులు వాటి దారిన అవి పోయేవి.

ఆ పిల్ల, బుల్లి, మాటలు ఇప్పుడిప్పుడే అతుకుతున్న వయసు. జలుబుతో మొదలై, ఎడమ చెవి పట్టుకుని ఏడవడం పట్టుకుంది. ఎత్తుకుంటే ఏడుపు, దింపితే ఏడుపు. ఒక తెల్లవారి తలగడ మీద పసుప్పచ్చని మరక కనపడేసరికి పిచ్చుక ఇంక ఆగలేదు. పిల్లని భుజాన వేసుకుని, మొగుణ్ణి పని మాన్పించి, క్లినిక్‌కి పరిగెత్తింది.

డాక్టరమ్మ చిన్న లైటు పెట్టి చెవిలోకి చూసింది. "లోపల చీము పట్టింది. కర్ణభేరికి చిన్న చిల్లు కూడా పడింది. హడలిపోకండి, మందు సరిగ్గా పడితే మానిపోతుంది. సరిగ్గా పడకపోతేనే ఇబ్బంది. చెవి వెనక ఎముకకి పాకిందంటే వినికిడికే ముప్పు. మధ్యలో పిల్ల కులాసాగా ఆడుకుంటున్నా సరే, నేను రాసినన్ని రోజులూ వెయ్యండి. చెవిలో నూనె గీనె పొయ్యకండి."

బోలెడు చెప్పింది గాని పిచ్చుక చెవిన పడ్డది ఒక్కటే మాట. వినికిడి. ఇంటికొచ్చేదాకా ఆ మాటే చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

మందు తెచ్చే పని మొగుడి మీద పడింది. అతను రంగుల మేస్త్రి. చుట్టుపక్కల ఎవరి ఇల్లయినా అతని చేత్తో మెరవాల్సిందే. మందుల షాపు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. షాపతను నలుగురి తలల మీంచి సీసా అందించి, "పొడి మందు! కాచి చల్లార్చిన నీళ్ళు గీతదాకా పోసి కలపాలి. కలిపాక వారమే పనికొస్తుంది, ఆ తర్వాత పారెయ్యాలి. ఆ, తర్వాతెవరు?" అన్నాడు. మేస్త్రి విన్నాడు. విన్నది విన్నట్టే ఇంట్లో చెప్పాడు కూడా. చిక్కంతా అక్కడ కాదు.

చిక్కు ఎక్కడంటే, మేస్త్రి సీసా ముందు పెట్టుకుని కూర్చుని, దాన్ని మందులా కాక సరుకులా చూశాడు. సీసా అడుగున తెల్లటి పొడి. పైన ఎక్కడో గీత. మధ్యలో అంతా ఖాళీ. ఒక ప్లాస్టిక్ మూత తీసుకుని, చెంచా మొనతో కాస్త పొడి అందులో రాల్చి, రెండు బొట్లు నీళ్ళు వేసి, చిటికెన వేలితో నున్నగా మెదపసాగాడు. గోడ పగుళ్ళలో నింపే లప్పం కలిపేటప్పుడు ఎలా కలుపుతాడో అచ్చం అలాగే.

"అదేంటయ్యా? గీతదాకా నీళ్ళు పొయ్యమన్నాడన్నావు కదా?" అంది పిచ్చుక.

"అన్నాడు. కలిపాక వారమే ఉంటుందనీ అన్నాడు. డాక్టరమ్మ రాసిందేమో వారం దాటి. అంటే ఏంటి? మొత్తం ఇవాళే కలిపేస్తే చివర్లో పిల్లకి పాడైన మందు పోస్తామన్నమాట. బుర్ర పెట్టి ఆలోచించు. ఏ పూటకాపూట కలుపుకుంటే పొడి పొడిలాగే ఉంటుంది, మందు తాజాగా ఉంటుంది."

"మరి ఎంత వెయ్యాలో ఎలా తెలుస్తుంది? ఈ బుల్లి గ్లాసు ఇచ్చారు కదా, గీతలున్నాయి దీని మీద."

"అది నీళ్ళమందుకి. దీనికెందుకు? నా కన్ను కొలత ఎప్పుడన్నా తప్పిందా? ఆ పెద్ద మేడకి లప్పం కలిపితే తట్ట అడుగున ఇంత కూడా మిగల్లేదు, ఇంత కూడా తక్కువ పడలేదు. అడుగు ఎవర్నన్నా."

గుమ్మం దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చున్న అత్త అందుకుంది. "వాడు నిక్కరేసుకున్నప్పట్నుంచీ కలుపుతున్నాడే అమ్మాయ్. చేప పిల్లకి ఈత నేర్పినట్టు వాడికి కలపడం నేర్పుతావా? వచ్చిందండీ మా ఇంటికి, ఏడో తరగతి డాక్టరమ్మ."

ఆ మాటతో పిచ్చుక నోరు మూతపడింది. ఎప్పుడూ ఆ మాటతోనే మూతపడేది. బడికి పోతానని ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్ల ఆమె. అమ్మకి జబ్బు చేస్తే తమ్ముళ్ళని చూసుకోడానికి ఏడో తరగతితోనే ఇంట్లో ఉండిపోయింది. అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. చదివినదాన్ని నమ్మే ధైర్యమే తక్కువ. కాగితం మీద ఒకటుండి, పెద్దవాళ్ళు ఇంకొకటంటే, తప్పు తన కళ్ళదే అనుకునే అలవాటు.

పిల్ల ఆ ముద్ద మందు చూసి మొహం తిప్పేసుకుంది. ముక్కు పట్టుకుని, బతిమాలి, బెదిరించి, మొత్తానికి లోపలికి పంపారు. పిచ్చుక ఆ మూతని వేలితో తుడిచి ఆ కాస్తా కూడా పిల్ల నాలుకకి రాసింది. రవ్వంత కూడా వృథా కాకూడదని ఆమె తాపత్రయం.

రెండు మూడు రోజులు బాగానే గడిచాయి. జ్వరం దిగింది. బుల్లి గోడకి ఆనుకుని తండ్రి బ్రష్షుతో ఆడుకుంది. "చూశావా పిచ్చుకా?" అని మేస్త్రి మీసం దువ్వాడు. అతను మాట తప్పే మనిషి కాదు, పూట తప్పే మనిషి అంతకన్నా కాదు. పొద్దున రంగుల డబ్బాలు సైకిలుకి కట్టుకునే ముందు ఒకసారి, మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం ఒళ్ళు కడుక్కుని ఒకసారి, మూత ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ శ్రద్ధ చూస్తే పిచ్చుకకి ముచ్చటేసేది, గుబులూ వేసేది. ఎందుకంటే ఆమె కళ్ళు ఊరుకోవు. ఒక పూట చెంచా మొన నిండా పొడి వస్తోంది. ఇంకో పూట సగమే. మందు ఎక్కువ పడ్డ పూట పిల్ల కక్కుతోంది. తక్కువ పడ్డ పూట గమ్మున ఉంటోంది. గమ్మున ఉన్న పూటని అందరూ మంచి పూట అంటున్నారు.

ఆ తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. ఉతికిన గుడ్డలు ఆరకముందే మళ్ళీ ఉతకాల్సొచ్చేది. పక్కన చొక్కాల మూట అలాగే పడి ఉంది. దర్జీ మనిషి వచ్చి, "అమ్మా, ఈ చొక్కాలు తొడుక్కునేవాళ్ళు ముసలాళ్ళయిపోతారేమో" అని ఎకసెక్కమాడి పోయాడు. పిచ్చుక నవ్వలేదు, ఏడవలేదు. రెంటికీ ఓపిక లేదు.

సీసాలో పొడి కూడా మారింది. అస్తమానం మూత తీసి పెట్టడం, తడి చెంచా ముంచడం. చెమ్మ తగిలి ఉండలు కట్టింది. మేస్త్రి ఆ ఉండల్ని బ్రష్షు పిడితో నలిపాడు. "లప్పం ఇలాగే ఉండ కడుతుంది. నలిపితే సరి."

జ్వరం మళ్ళీ వచ్చింది. తలగడ మీద మరక మళ్ళీ వచ్చింది. ఈసారి వాసనతో సహా.

ఆ మధ్యాహ్నం పిల్ల తల్లి ఒళ్ళో పడుకుంది, కుడి చెవి తల్లి తొడకి అదిమి, ఎడమ చెవి పైకి పెట్టి. కళ్ళు తెరిచే ఉంది. పిచ్చుక మెల్లిగా పిలిచింది. "బుల్లీ." పలకలేదు. కాస్త గట్టిగా పిలిచింది. పిల్ల తన పాదం వేళ్ళతో ఆడుకుంటూనే ఉంది. పిచ్చుక గుండీల డబ్బా తీసి ఆ చెవికి దగ్గరగా గలగలలాడించింది. పిల్ల రెప్ప కూడా వెయ్యలేదు. తల ఎత్తించి రెండు చెవులూ తెరిపించి పిలిస్తే మాత్రం "ఊఁ" అంది.

 పిచ్చుక చేతిలోని డబ్బా జారి గుండీలన్నీ గదంతా దొర్లాయి. వాటిని ఏరాలని కూడా ఆమెకి తోచలేదు.

అత్త లేచి అలమరలోంచి ఒక మాత్రల అట్ట తీసుకొచ్చింది. "ఇవిగో. నా కాలికి చీము పట్టినప్పుడు ఇచ్చారు. నాలుగు వేసుకునేసరికే వాపు దిగింది. మిగతావి దాచా. మంచి మందే అమ్మాయ్. ఓ ముక్క నలిపి పోద్దాం, దెబ్బకి దిగుతుంది."

"వద్దత్తయ్యా. పెద్దవాళ్ళ మాత్రలు. అది ఏ మందో, పిల్లకి ఎంత పడాలో మనకేం తెలుసు?"

"తెలియకే ఇంతమందిని పెంచామా?"

"మీ కాలికి తగ్గిందన్నారు. మళ్ళీ చీము పట్టలేదా?"

 అత్త చీరంచు కిందికి కాలు లాక్కుంది. ఆ కాలికి గుడ్డ కట్టు ఇంకా ఉంది. ఆ కట్టు ఎప్పుడూ ఉండేదే కాబట్టి ఎవరూ చూడటం మానేశారు.

పిచ్చుక పిల్లని భుజాన వేసుకుంది. సంచీలో గుడ్డలు, నీళ్ళ సీసా పెట్టుకుంది. గుమ్మం దాటబోతూ వెనక్కి వచ్చి మందు సీసా కూడా సంచీలో వేసుకుంది. డాక్టరమ్మ మందు పేరు అడిగితే తనకి నోరు తిరగదు, చూపించొచ్చు కదా అని. అప్పటికి ఆమెకి ఉన్న ఆలోచన అంతే.

మేస్త్రి పనిలోంచి సరాసరి వచ్చాడు, మోచేతుల దాకా నీలం రంగుతో. దారిలో అన్నాడు, "ఇదిగో, అడిగితే చెప్పినట్టే వేశామను. ఒక్క పూట తప్పలేదు కదా మనం, అబద్ధమేం కాదు. లేనిపోనివి చెప్పావంటే గంటసేపు తలంటి పంపుతుంది. నా పనంతా మధ్యలో ఆగిపోయింది అక్కడ."

 పిచ్చుక పిల్ల బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. అలసట ఎంతగా పట్టిందంటే, నడుస్తున్నది తన కాళ్ళో పక్కవాళ్ళ కాళ్ళో తెలియట్లేదు. అయినా లోపల ఎక్కడో ఒకటి మెలుకువగా ఉంది. ఆ సీసా మీది గీత. ఎవరో పనిగట్టుకుని గీశారు. ఊరికే గీస్తారా?

క్లినిక్‌లో బల్లలన్నీ నిండి ఉన్నాయి. వాళ్ళ వంతు వచ్చేసరికి డాక్టరమ్మ కూడా వాడిపోయి ఉంది. కళ్ళజోడు తీసి ముక్కు దగ్గర నొక్కుకుని, మళ్ళీ పెట్టుకుని, లైటుతో చెవిలోకి చూసింది. మొహం మారింది. చెవి వెనక వేలితో మెల్లిగా నొక్కింది. పిల్ల కేర్‌మంది.

"తగ్గాల్సిందే ఈపాటికి. మందు చెప్పినట్టే వేశారా?"

"వేశామమ్మా," అన్నాడు మేస్త్రి. "ఒక్క పూట కూడా తప్పలేదు. నేనే దగ్గరుండి వేశాను."

డాక్టరమ్మ అతన్ని చూసింది. మోచేతుల దాకా రంగు పూసుకుని, పని వదిలేసి వచ్చిన తండ్రి. నమ్మకుండా ఉండటానికి ఏమీ కనపడలేదు. నిట్టూర్చింది.

"అయితే ఈ మందుకి లొంగట్లేదన్నమాట. ఇంతకన్నా గట్టి మందు కావాలి, నోటితో వేసేది సరిపోదు. పెద్దాసుపత్రికి రాసిస్తాను. చేర్చుకుని సూదులు వేస్తారు. అవసరమైతే చెవి వెనక కోసి..." ఆ మాట మింగేసి కాగితం ముందుకి లాక్కుంది.

కలం కదిలింది. పిచ్చుక ఆ కలం వైపే చూస్తోంది. ఒళ్ళో పిల్ల వేడి బట్టలోంచి తెలుస్తోంది. నోరు తెరిస్తే పక్కన మొగుడు. పూట తప్పని మొగుడు, పిల్ల కక్కితే తన చొక్కాతో తుడిచిన మొగుడు. నలుగురిలో అతని తల వంచడానికి ఆమెకి ప్రాణం ఒప్పడం లేదు. ఊరుకుంటే, లొంగని రోగమని పిల్లకి గట్టి మందులు, సూదులు, ఇంకా ఏమేమో. లొంగనిది రోగమో, సరిగ్గా పడనిది మందో డాక్టరమ్మకి ఎలా తెలుస్తుంది? తెలిసింది ఈ గదిలో తనకొక్కదానికే. అది కూడా తెలుసో తెలియదో తెలియదు.

ఆమె నోరు తెరవలేదు. సంచీ తెరిచింది. సీసా తీసి బల్ల మీద, కాగితం పక్కన పెట్టింది.

డాక్టరమ్మ రాస్తూ రాస్తూ అటు చూసింది. కలం ఆగిపోయింది. సీసా చేతిలోకి తీసుకుని ఆడించింది. లోపల ఉండలు గోడకి కొట్టుకుని టకటకమన్నాయి.

"ఇది పొడిగా ఉందేంటి?"

 బయట ఎవరిదో పిల్ల దగ్గుతోంది.

"ఇది కొత్త సీసానా?"

"కాదమ్మా," అంది పిచ్చుక. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "అదే."

అప్పుడు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. దాచాలని అతనికీ లేదు. తప్పని తెలిస్తే కదా దాచడానికి. ఏ పూటకాపూట ఎలా కలిపిందీ, ఎందుకు కలిపిందీ పూసగుచ్చినట్టు చెప్పాడు. "మొత్తం కలిపితే వారంలో పాడైపోతుందన్నారు కదమ్మా. మా లప్పం కూడా అంతే. ఎంత గోడకి ఎంతో అంతే కలుపుతాం, లేకపోతే గట్టిపడి చెడిపోద్ది. అందుకని."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది. తిడుతుందని పిచ్చుక మెడ లోపలికి లాక్కుంది. తిట్టడానికి కూడా ఓపిక కావాలి కాబోలు. ఆమె సీసా మూత తీసి లోపలి ఉండల్ని అతనికి చూపించింది.

"ఈ పొడిలో మందు ఒక్కటే లేదయ్యా. తీపి ఉంది, రంగు ఉంది, ఇంకేవో ఉన్నాయి. చెంచా మొనకి ఏది ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. మొత్తం నీళ్ళలో కలిస్తేనే ప్రతి చుక్కలో సమానంగా ఉంటుంది. మీరు ఒక పూట మూడు పూటల మందు పోసి ఉండొచ్చు, ఇంకో పూట తీపి పొడి ఒక్కటే పోసి ఉండొచ్చు."

మేస్త్రికి ఎక్కినట్టు లేదు. నుదురు ముడిపడే ఉంది. "కన్ను కొలత ఎప్పుడూ తప్పదమ్మా నాకు..." అని నసిగాడు.

పిచ్చుకకి అప్పుడు తట్టింది. ఎక్కడి నుంచో కాదు, రోజూ అతని నోట విని విని అరిగిపోయిన మాటే.

"మరి రంగు అలా కలపవేంటయ్యా నువ్వు?"

"ఏ రంగు?"

"గోడకేసే రంగు. లప్పం కొంచెం కొంచెం కలుపుతావు. రంగు మాత్రం గోడకి సరిపడా ఒక్కసారే కలపాలంటావుగా. విడివిడిగా కలిపితే ఒకచోట ముదురు, ఒకచోట లేత, గోడంతా గజ్జి పట్టినట్టుంటుందని కుర్రాళ్ళని తిడతావుగా. కన్ను కొలత తప్పనోడివి, రంగుకి ఎందుకు నమ్మవు నీ కన్నుని?"

 మేస్త్రి తన నీలం రంగు చేతులు చూసుకున్నాడు. ఆ పొద్దున కూడా పెద్ద డబ్బాలో ఒక్కసారే కలిపి వచ్చాడు ఆ నీలాన్ని.

"మందు లప్పం కాదయ్యా," అంది పిచ్చుక, నీరసంగా. "మందు రంగు."

 పిల్ల పాదం ఒకటి తల్లి ఒడిలోంచి వేలాడుతుంటే మేస్త్రి దాన్ని పట్టుకున్నాడు. "మచ్చలు మచ్చలుగా పూశానే," అన్నాడు చివరికి. "నా పిల్లకి."

డాక్టరమ్మ రాసిన కాగితం నలిపి పక్కన పడేసింది. పిల్లని మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టి, ఈసారి తీరుబడిగా చూసింది. చెవి ముందుకి తోసుకొచ్చిందా, వెనక ఎర్రబడి వాచిందా అని రెండు చెవుల్నీ పోల్చింది. "నొక్కితే నొప్పి ఉంది గాని వాపు లేదు. ఇంకా పాకలేదు. ఇవాళ సీసా పెట్టకపోతే నేనే పొరపాటు పడేదాన్ని. ఇదే మందు కొత్త సీసాతో మొదట్నుంచీ మొదలుపెడదాం. ఎల్లుండి తీసుకురండి, చూస్తాను. ఈలోపు చెవి వెనక ఉబ్బినా, పిల్ల మగతగా ఉన్నా, పాలూ నీళ్ళూ ముట్టకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి కష్టమైనా ఎల్లుండిదాకా ఆగొద్దు. అప్పటికప్పుడు వచ్చెయ్యాలి. విరేచనాలకి నీళ్ళు పడుతూ ఉండండి. రక్తం కనపడితే మాత్రం చెప్పాలి."

"వినికిడి, డాక్టరమ్మా?" అంది పిచ్చుక. ఆ ఒక్క మాటే అడగగలిగింది.

"చీము తగ్గితే మామూలుగా తిరిగొస్తుంది. తగ్గించడం ముందు. మాట ఇవ్వలేను తల్లీ, చూద్దాం."

మాట ఇవ్వలేనన్న మనిషిని పిచ్చుక ఎందుకో నమ్మింది.

మందుల షాపులో ఈసారి మేస్త్రి కదల్లేదు. "ఇక్కడే కలిపిస్తావా అన్నా? నేను చూస్తా," అన్నాడు. వెనకవాళ్ళు సణిగారు. "చెవులు నొప్పెట్టేది మా పిల్లకి, నోళ్ళు నొప్పెట్టేది మీకా?" అని వాళ్ళ మీదికి తిరిగాడు. షాపతను నవ్వి, సీసాని అరచేతికి తట్టి పొడి వదులు చేశాడు. సగం నీళ్ళు పోసి మూత బిగించి ఊపాడు. కాసేపు పక్కన పెట్టాడు.

"ఆపావేంటి? గీత ఇంకా రాలేదు," అన్నాడు మేస్త్రి.

"నురుగు దిగాలి. నురుగు మీద గీత చూస్తే నీళ్ళు తక్కువ పడతాయి."

"అవునవును," అన్నాడు మేస్త్రి, ఎవరో తన భాషలో పలకరించినట్టు. "రంగుకీ అంతే."

నురుగు దిగాక గీతదాకా పోసి, మళ్ళీ ఊపి ఇచ్చాడు షాపతను. "పోసే ప్రతిసారీ ముందు ఊపాలి, మందు అడుక్కి దిగుతుంది. ఈ గ్లాసుతోనే కొలవండి, వంటింటి చెంచా వద్దు. ఫ్రిజ్ ఉంటే అందులో, గడ్డకట్టే అరలో కాదు. వారం దాటాక మిగిలితే దాచకండి. మీకు రాసిన రోజులు వారం దాటాయి కాబట్టి రెండో సీసా అప్పుడొచ్చి తీసుకెళ్ళండి, కొత్తది కలిపిస్తా. ఆ పాత పొడి ఇలా ఇచ్చెయ్యండి, మేం పారేస్తాం."

అదే అసలు సమాధానం. వారం దాటితే ఇంకో సీసా. మేస్త్రి కష్టపడి తప్పించుకున్న సమస్యకి విరుగుడు అడిగితే దొరికేది. అడగలేదు, అంతే. పాత సీసా అందిస్తూ అతను దాని మీది గీతని బొటనవేలితో ఒకసారి రుద్ది చూశాడు.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు పడదు. గుడ్డ పీలికతో కట్టి ఉంచుతారు. ఆ పీలిక ముడి విప్పడం, సీసా తీయడం, ఊపడం, కొలవడం, పిల్ల వెంట పడటం, గ్లాసు కడగడం, మళ్ళీ ముడి వెయ్యడం. ఇదే బతుకైపోయింది. బుల్లికి ఆ మందంటే పగ. కాళ్ళతో తన్నేది, పళ్ళు బిగించేది. ఒకసారి మింగీ మింగగానే కక్కేసింది. మళ్ళీ పొయ్యాలో వద్దో పిచ్చుక తన ఊహకి వదల్లేదు. మొగుణ్ణి మందుల షాపుకి పంపి అడిగించింది. గుండీలు కుడుతూ కునికితే సూది వేలిలో దిగేది. ఎర్రటి చుక్క తెల్ల చొక్కాకి అంటకుండా వేలు నోట్లో పెట్టుకునేది.

రమ్మన్న రోజున చూసి డాక్టరమ్మ తల ఊపింది. చెవి వెనక నొక్కితే పిల్ల ఏడవలేదు. "దారిలో పడింది. ఆపకండి," అంది.

ఆ తర్వాత జ్వరం పోయింది. తలగడ పొడిగా ఉంది. బుల్లి ఇల్లంతా తిరుగుతూ గుండీలు గుప్పిట్లో పట్టుకుని పారిపోతోంది. అప్పుడు అత్త అంది, "ఇంకెందుకే దాన్ని ఏడిపించడం? తగ్గింది కదా. మిగిలింది దాచు. రేపెప్పుడన్నా పనికొస్తుంది."

పిచ్చుకకి నిజంగానే ఆశ పుట్టింది. ఒక్క పూట. ఒక్క పూట ఆ ముడి విప్పకుండా, ఆ పిల్లతో కుస్తీ పట్టకుండా నడుం వాల్చాలని ఉంది. ఎవరూ తప్పు పట్టరు. పిల్ల బాగానే ఉంది.

"మీ కాలు కూడా తగ్గింది కదత్తయ్యా అప్పుడు," అంది మెల్లిగా. దెప్పడానికి కాదు. తనకి తాను చెప్పుకున్నట్టు అంది. "ఈసారి బుల్లిని చూపించడానికి వెళ్ళేటప్పుడు మీరూ రండి. ఆ కట్టు విప్పి చూపిద్దాం."

అత్త మూతి తిప్పుకుంది. "ఏడో తరగతి డాక్టరమ్మ," అని గొణిగింది. కాని ఆ సాయంత్రం అలమరలో అట్ట కోసం వెతికితే పిచ్చుకకి అది అక్కడ కనపడలేదు. అత్త దాన్ని తన చేతిసంచీలో వేసుకుంది, చూపించడానికి.

ఇంకా మందు మిగిలే ఉంది, వారం దాటాక షాపులో కలిపించి తెచ్చిన రెండో సీసాలో సగం దాకా. సాయంత్రం పిల్ల తల్లి ఒళ్ళో పడుకుంది, కుడి చెవి తొడకి అదిమి, ఎడమ చెవి పైకి పెట్టి. అలా పడుకోవడం చూసి పిచ్చుకకి ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. పిలవాలని ఉంది. పిలిస్తే పలకదేమోనని భయం. గుండీల డబ్బా చేతికి అందేంత దూరంలో ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. తెలుసుకోకుండా ఉంటే ఇంకాసేపు ఆశ ఉంటుంది కదా అనిపించింది.

వంటింట్లో మేస్త్రి ఫ్రిజ్ ముడి విప్పుతున్నాడు. సీసా తీశాడు. ఊపడం మొదలుపెట్టాడు, రంగు డబ్బా అడుగు కలిపేవాడిలా నిదానంగా, శ్రద్ధగా. గళక్, గళక్.

ఒళ్ళో పిల్ల ఒక్కసారి బిగుసుకుంది. తల ఎత్తలేదు. కళ్ళు వంటింటి వైపు తిరిగాయి. రెండు చేతులూ పైకొచ్చి నోటిని గట్టిగా మూసేసుకున్నాయి.

 వంటింట్లో చప్పుడు ఆగింది. పిల్ల వేళ్ళు కాస్త వదులయ్యాయి.

"ఏమయ్యా," అంది పిచ్చుక.  "ఇంకోసారి ఊపు."

"ఊపానే, బాగానే కలిసింది."

"ఊపవయ్యా, చెప్తున్నాగా."

గళక్, గళక్. చేతులు మళ్ళీ నోటికి అతుక్కుపోయాయి. ఈసారి కళ్ళు కూడా గట్టిగా మూసుకుంది బుల్లి, కనపడకపోతే దొరకననుకుని.

మేస్త్రి గ్లాసు పట్టుకుని వచ్చేసరికి పెళ్ళాం గోడకి ఆనుకుని నవ్వుతోంది, కళ్ళనీళ్ళు కారుతున్నాయి, తుడుచుకునే ఓపిక కూడా లేదు. "ఏమైందే?" అన్నాడు కంగారుగా.

"ఏం కాలేదు. వినపడింది." పిల్ల చేతులు ఒక్కొక్కటే మెల్లిగా తీసి తన చేతిలోకి తీసుకుంది. "దీని తల పట్టుకో. గీతదాకా ఉందా గ్లాసులో? సరిగ్గా చూడు."

అతను గ్లాసుని కంటికి సమానంగా ఎత్తి, దీపం వైపు తిప్పి చూశాడు. "ఉంది," అన్నాడు.

"అయితే కానివ్వు," అంది పిచ్చుక, పిల్ల కాళ్ళు తన మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుంటూ.